నీటి బూజు ఎవరి చుట్టం?

సైన్సు గది కిటికీలో మూడు గాజు సీసాలున్నాయి. మురికినీళ్ళు అనుకుని వాటిని ఎవరూ పారబోయవద్దని ముందుగా మనవి. నాలుగు ఉండేవి. కిందటి సోమవారం ఒకటి కాలవ పాలైంది. కడిగినవాళ్ళ తప్పు కాదు, చీటీ అంటించని నా తప్పు. ఆ సీసాల్లో ఏముందో, దానికీ ఉద్దానం కొబ్బరిచెట్టుకీ ఏమిటి సంబంధమో చెప్పడానికే ఈసారి గోడపత్రికలో నాలుగు కాగితాలు అడిగి తీసుకున్నాను. పొడుపుకథలవాళ్ళు క్షమించాలి.

జరిగింది ఇది. ఎనిమిదో తరగతి పిల్లలు తలో చోటి నీళ్ళు తెచ్చారు. ఒకటి మన వెనక చెరువుది. ఒకటి బోరుది. మూడోది సెలవులకి సోంపేట వెళ్ళిన అమ్మాయి బీల నుంచి తెచ్చింది. (కొండ ఊళ్ళ పిల్లలకి బీల అంటే తెలియకపోవచ్చు. సోంపేట దగ్గర ఏడాదిలో చాలాకాలం నీరు నిలిచి ఉండే పల్లపు నేల అది. చేపలకీ, పక్షులకీ, వరికీ అదే ఆధారం.) నాలుగోది వరిమడి నీళ్ళు, అదే పారబోసింది. ఒక్కో సీసాలో సగానికి నీళ్ళు పోసి, ఐదు నిమిషాలు ఉడికించిన నువ్వుగింజలు పదేసి వేశాం. ఉడికిస్తే గింజ మెత్తబడుతుంది, మొలకెత్తదు, దాని మీద ముందే ఉన్న క్రిములు చాలావరకు చస్తాయి. అంచేత తర్వాత దాని మీద ఏది మొలిచినా నీళ్ళలోంచి వచ్చిందే అని నమ్మవచ్చు. చాలా దేశాల ప్రయోగశాలల్లో ఈ పనికి గంజాయి జాతి గింజలు వాడతారు. మనకా పేరు కూడా వద్దు, నువ్వులు చాలు. చెరువునీళ్ళ సీసాలో ఒక అబ్బాయి చచ్చిన ఈగని కూడా వేశాడు, నేను చెప్పకుండానే.

మూడో రోజు పొద్దున్న ప్రేయరు అవకముందే కేక. "సార్, ఈగకి దూదట్టీసింది!"

నిజమే, దూదిలాగే ఉంది. ఈగ చుట్టూ తెల్లటి సన్నని దారాలు నలువైపులా నిక్కి, అర సెంటీమీటరు పైగా పెరిగాయి. నువ్వుగింజల మీద కూడా అంతే. బీల నీళ్ళలో ఇంకా దట్టంగా వచ్చింది. బోరు నీళ్ళలో ఏమీ రాలేదు. సీసా కదిపితే దూది విడిపోలేదు, గింజతో పాటే ఊగింది. "ఏటి సార్ ఇది, రొట్టి మీద బూజేనా?" అని ఒకడు అడిగాడు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు.

దీన్ని నీటి బూజు అంటారు. మన సీసాల్లో వచ్చినవాటిలో రెండు రకాలు కనిపించాయి. ఒకటి సాప్రోలెగ్నియా, రెండోది అక్లియా. ఇవి మంచినీటి చెరువుల్లో, మడుల్లో, తడిమట్టిలో ప్రపంచమంతా ఉన్నాయి. చచ్చిన పురుగు, రాలిన ఆకు, మునిగిన గింజ, ఏది దొరికితే దాని మీద పెరుగుతాయి. నోరు లేదు. దారం కొస నుంచి ఎంజైములు వదిలి ఆహారాన్ని బయటే కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటాయి. ఇవే లేకపోతే చెరువులో చచ్చిన పురుగులన్నీ ఎవరు కుళ్ళబెడతారు? బాక్టీరియా కొంత చేస్తుంది, ఇవి కొంత చేస్తాయి.

ఒక గింజని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాం. దారం పొడుగునా ఎక్కడా అడ్డుగోడ లేదు. ఒకే పొడవాటి గొట్టం, దాంట్లో ఎన్నో కేంద్రకాలు. దారం కొస మాత్రం కాస్త లావై, దాని కింద ఒక గోడ వచ్చి, వేరే సంచిలా అయింది. ఆ సంచి సిద్ధబీజాశయం. కొంతసేపు కదలకుండా ఉంది. తర్వాత లోపలి పదార్థం చిన్న చిన్న ముక్కలై, కొస తెరుచుకుని, ఆ ముక్కలు ఒకదాని వెనక ఒకటి బయటికి ఈదుకుంటూ వచ్చాయి. భోజనం బెల్లు కొట్టినా ఆరుగురు లేవలేదు. కూరగాయల పులుసు చల్లారిపోయింది, అది వేరే సంగతి.

ఈదిన ఆ ముక్కలే గమన సిద్ధబీజాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నూరో వంతు ఉంటుంది. రెండేసి తోకలుంటాయి, వాటిని కశాభాలు అంటారు. ఒక తోక నున్నగా కొరడాలా ఉంటుంది. రెండో తోక పొడుగునా రెండువైపులా సన్నటి వెంట్రుకలుంటాయి, కోడి ఈకలాగా. మన మైక్రోస్కోపులో ఆ వెంట్రుకలు కనపడవు, ఎలక్ట్రాను మైక్రోస్కోపు కావాలి. కాని ఈ ఈక తోకని గుర్తుపెట్టుకోండి, తర్వాత సాక్ష్యానికి వస్తుంది.

సాప్రోలెగ్నియాలో ఈ బీజం రెండుసార్లు ఈదుతుంది. మొదట బేరిపండు ఆకారంలో ఉండి, తోకలు ముందువైపు ఉంటాయి. కాసేపు ఈది, తోకలు వదిలేసి, గోడ కట్టుకుని ముద్దలా కూర్చుంటుంది. మళ్ళీ లేచి రెండోసారి చిక్కుడుగింజ ఆకారంలో, పక్కనున్న నొక్కులోంచి వచ్చిన తోకలతో ఈదుతుంది. అప్పుడు ఆహారం దొరికితే దాని మీద వాలి మొలుస్తుంది. అక్లియాలో మొదటి ఈత ఉండీ లేనట్టే. సంచి మూతి దగ్గరే బీజాలన్నీ గుత్తిగా, పుట్ట దగ్గర చీమల్లా ముద్దకడతాయి. రెంటికీ తేడా పట్టడానికి ఇంకో గుర్తుంది. సాప్రోలెగ్నియాలో ఖాళీ అయిన పాత సంచి లోపలినుంచే కొత్త సంచి పుడుతుంది. అక్లియాలో పక్కనుంచి కొమ్మలా వస్తుంది. మన ఈగ మీది దూది సాప్రోలెగ్నియా అని దీన్నిబట్టే చెప్పాను.

మరి ఎండాకాలం చెరువు ఎండి, నేల నెరలు విచ్చినప్పుడు ఇవేం చేస్తాయి? ముందుగానే ఏర్పాటు చేసుకుంటాయి. దారం మీద గుండ్రటి కాయలాంటిది వస్తుంది, అది ఊగోనియం, ఆడభాగం. లోపల గుడ్లుంటాయి. పక్కనుంచి సన్నటి మగ దారం వచ్చి అతుక్కుని గుడ్లతో కలుస్తుంది. అలా ఏర్పడిన దళసరి గోడల బీజం ఊస్పోరు. అది ఎండిన మట్టిలో పడుండి, వానలు పడ్డాక లేస్తుంది. అక్లియాలో ఆడ దారం నీళ్ళలోకి ఒక రసాయనం వదిలి మగ దారాన్ని పిలుస్తుందని అమెరికా శాస్త్రవేత్త జాన్ రేపర్ 1939లో ప్రయోగాలు చేసి చూపాడు. మనుషుల్లో, పశువుల్లో ఉండే హార్మోనుల్లాంటి పదార్థమే అది. కంటికి కనపడని బూజుకి ఇంత సంసారం!

ఈ గుడ్ల వల్లనే వీటి వర్గానికి ఊమైసిటీస్ అని పేరు. అంటే గుడ్డు శిలీంధ్రాలు. పేరులో శిలీంధ్రం ఉంది కదా, మరి రొట్టె బూజుకీ పుట్టగొడుగుకీ ఇది చుట్టమేనా?

కాదు. చూడటానికి ఒకటే, వంశం వేరు. పాత ఇంటర్మీడియెట్ పుస్తకాల్లో వీటిని రొట్టె బూజుతో కలిపి ఫైకోమైసిటీస్ అనే ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. కాని సాక్ష్యాలు చూడండి. పుట్టగొడుగు కణం గోడలో ముఖ్యమైనది కైటిన్. అది రొయ్య పెంకులో ఉండే పదార్థం. నీటి బూజు గోడలో సెల్యులోజు, దాని జాతి పదార్థాలు ఉంటాయి. నిజమైన శిలీంధ్రాల కణపొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వుజాతి పదార్థం ఉంటుంది. నీటి బూజు దాన్ని తయారుచేసుకోదు. ఇక ఆ ఈక తోక. అది ఏ నిజమైన శిలీంధ్రానికీ లేదు. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు బీజాలకి ఉంది. 1989లో డేవిడ్ పాటర్సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి తోకలున్న జీవులన్నిటినీ కలిపి స్ట్రామెనోపైల్స్ అన్నాడు. గడ్డిపోచ వెంట్రుకలవి అని దాని అర్థం. తర్వాత జన్యువులు చదివినప్పుడు కూడా అదే తేలింది. నీటి బూజుకి దగ్గర చుట్టాలు గోధుమరంగు నాచు, డయాటములు. పుట్టగొడుగుకి దగ్గర చుట్టాలు, నవ్వకండి, జంతువులు. అంటే మనం.

"అయితే ఏటంట సార్? ఏ పేరైతే ఏటి?" అని పదో తరగతి వెనక బెంచీ అడుగుతుందని తెలుసు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. దానికి రెండు కొబ్బరిచెట్లు ఇచ్చుకున్నాను.

మాది కవిటి వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఎలా పడిపోయాయో మీలో చాలామంది ఇళ్ళలో చెప్పుకునే ఉంటారు. మా అమ్మ పెరట్లో చాలా చెట్లు పోగా పదకొండు మిగిలాయి. మిగిలినవాటికీ మట్టలు విరిగి, నెత్తిన గాయాలయ్యాయి. మరుసటి ఏడు వానల్లో ఒక చెట్టు మధ్యలో నిలువుగా ఉండే లేత ఆకు పసుపుబారి వాలిపోయింది. కాయలు కోసే తాత ఎక్కి ఆ ఆకు పట్టి లాగితే చేతిలోకి ఊడొచ్చింది. మొదలు దగ్గర కుళ్ళి, చచ్చిన చేప కంపు. "మొవ్వు పోనాది బాబూ" అన్నాడు. మొవ్వు కుళ్ళు తెగులు.

కొబ్బరిచెట్టుకి కొమ్మలుండవు. నెత్తిన ఒక్కటే మొవ్వు. అది చస్తే చెట్టంతా చచ్చినట్టే, వేళ్ళు ఎంత బలంగా ఉన్నా సరే.

నేను చదువుకున్నవాణ్ణి కదా, బూజు తెగులు అని తెలుసు. బజారుకెళ్ళి ఒక కొట్లో బూజు మందు అడిగాను. ఆయన కార్బండాజిమ్ ఇచ్చాడు. కొట్టు పేరు అనవసరం. నేను అడిగింది బూజు మందు, ఆయన ఇచ్చింది బూజు మందే. రెండుసార్లు పోయించాను. నెల తిరిగేసరికి చెట్టు తల ఊడిపడింది. పక్క చెట్టూ అదే దారి పట్టింది.

మొవ్వు కుళ్ళు తెచ్చేది ఫైటోఫ్తొరా పామివోరా. అది నీటి బూజు వర్గంది, మన సీసాలోని దూదికి దాయాది. కార్బండాజిమ్ నిజమైన శిలీంధ్రాల కణవిభజనని ఆపుతుంది. నీటి బూజు కణం నిర్మాణం వేరు, దాన్ని ఆ మందు పట్టుకోదు. అన్నదమ్ముల తగాదాలో పక్క ఊరివాణ్ణి కొట్టినట్టయింది నా వైద్యం.

నలభై అడుగుల ఎత్తున నీటి బూజుకి నీరెక్కడిది అని అడుగుతారు. మొవ్వు చుట్టూ మట్టల మొదళ్ళు దోసిలిలా ఉంటాయి. వానాకాలం అక్కడ ఎప్పుడూ తడే. చెట్టు నెత్తిన ఒక చిన్న చెరువు అన్నమాట. సిద్ధబీజాశయాలు వాన చినుకుల తుంపరతో, గాలితో అక్కడికి చేరతాయి. ఆ తడిలో పగిలి, ఈత బీజాలు బయటికొచ్చి, గాయం దగ్గరికి ఈదుతాయి. కొమ్ముపురుగు తొలిచిన కన్నం ఉంటే దారి ఇంకా సులువు. అందుకే తుఫాను గాయాల తర్వాత వానాకాలం వస్తే కొబ్బరి రైతు పైకి చూస్తూ తిరగాలి.

మూడో చెట్టుకి ఆ గుర్తు కనపడగానే వ్యవసాయం తెలిసిన స్నేహితుడు చెప్పినట్టు చేశాం. కుళ్ళిన భాగమంతా మంచి భాగం కనిపించేదాకా కోసి తీసేశాం. అక్కడ బోర్డో పేస్టు పూసి, వాన పడకుండా కుండ బోర్లించాం. కొన్ని నెలలకి కొత్త ఆకు వచ్చింది. ఆ చెట్టు ఇప్పుడు కాస్తోంది. చచ్చిన రెండు చెట్ల తలలూ కాల్చేశాం, ఉంచితే అవే విత్తనం. మిగిలినవాటికి ఏటా వానలకి ముందు ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టిస్తున్నాం.

రాసుకోండి. ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు నూరు లీటర్లు. పేస్టుకైతే తుత్తం నూరు గ్రాములు అర లీటరులో, సున్నం నూరు గ్రాములు ఇంకో అర లీటరులో. ఇనుప పాత్ర వద్దు, మట్టిదో ప్లాస్టిక్‌దో కావాలి. తుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలో పోస్తూ కలపాలి. కలిపాక మెరిసే చాకు ఒకటి ముంచి తీయండి. చాకు మీద ఎర్రగా రాగి పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. ఏ రోజుది ఆ రోజే వాడాలి. రాగి నిజమైన శిలీంధ్రాన్నీ చంపుతుంది, నీటి బూజునీ చంపుతుంది, అంచేత ఇక్కడ పనికొచ్చింది. ఈ వర్గానికే ప్రత్యేకంగా పనిచేసే మెటలాక్సిల్ వంటి మందులు కూడా ఉన్నాయి. తుత్తం విషం, పెద్దవాళ్ళు లేకుండా ముట్టుకోవద్దు.

ఈ బూజుకి పేరు పెట్టిన కథ మన తెలుగు నేలదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు, కొబ్బరిచెట్లు, పోకచెట్లు మొవ్వు కుళ్ళి పెద్ద ఎత్తున చచ్చిపోసాగాయి. ఎడ్విన్ జాన్ బట్లర్ అనే శాస్త్రవేత్త ఆ తెగులుని పరిశీలించాడు. ఆయన బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయంలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1907లో ఈ బూజుకి పిథియం పామివోరం అని పేరు పెట్టాడు. పామివోరం అంటే తాటిజాతి చెట్లని తినేది. 1919లో తనే మళ్ళీ ఆలోచించి, ఇది పిథియం కాదు, ఫైటోఫ్తొరా అని మార్చాడు. తన మాట తనే దిద్దుకోవడం నాకు చాలా నచ్చిన విషయం.

బట్లర్ 1874లో ఐర్లండులో పుట్టాడు. ఆయన పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందు, 1845 నుంచి, ఆ దేశంలో బంగాళదుంప చేలు వరసగా కుళ్ళిపోయాయి. పేదలకి తిండంతా ఆ దుంపే. ఆకలికీ రోగాలకీ సుమారు పది లక్షల మంది పోయారు, అంతమందే ఓడలెక్కి దేశం విడిచారు. ధాన్యం మాత్రం ఆ ఏళ్ళలో కూడా బయటికి ఎగుమతి అవుతూనే ఉంది. తెగులు బూజుది, కరువు మాత్రం బూజు ఒక్కదాని పని కాదు. ఆ బూజు ఫైటోఫ్తొరా ఇన్ఫెస్టాన్స్. మన కొబ్బరి బూజుకి అన్న. 1876లో జర్మనీ శాస్త్రవేత్త డి బారీ ఈ ఇంటిపేరు పెట్టాడు. ఫైటోఫ్తొరా అంటే మొక్కల్ని నాశనం చేసేది.

కొండమీది పిల్లలు మాకు కొబ్బరి లేదు కదా అనుకోవద్దు. అల్లం, పసుపు మడిలో నీరు నిలిస్తే ఆకు పసుపుబారి, కాండం లాగితే ఊడొచ్చి, దుంప మెత్తగా కుళ్ళిపోవడం చూసే ఉంటారు. దుంపకుళ్ళు తెచ్చేవాటిలో ముఖ్యమైనది పిథియం, ఇదీ నీటి బూజే. మిరప, టమాటా నారుమడిలో మొక్కలు మొదలు దగ్గర నీరుపట్టి ఒరిగిపోయేదీ ఎక్కువగా దీనివల్లనే. అక్కడ మందు కంటే ముందు చేయవలసింది నీరు పోయే కాలవ. ఈదడానికి నీరు లేకపోతే ఆ బీజం తోక ఎందుకూ పనికిరాదు.

చేపల సంగతి క్లుప్తంగా. 1988లో మన దేశంలోకి ఒక పుండ్ల జబ్బు వచ్చింది. కొర్రమీను, మట్టగిడస వంటివాటి ఒంటి మీద ఎర్రమచ్చలు పడి, లోతైన పుండ్లయ్యేవి. వానలు వెనకబట్టి నీరు చల్లబడే రోజుల్లో ఎక్కువ. దానికి కారణం అఫనోమైసిస్ ఇన్వడాన్స్, ఇంకో నీటి బూజు. సాప్రోలెగ్నియా కూడా దెబ్బతిన్న చేప మీదా, చేపగుడ్ల మీదా దూదిలా పడుతుంది. ఈ జాతికి ఉప్పు గిట్టదు. టెక్కలి పక్కన నౌపడ ఉప్పుమడుల్లో నీళ్ళు తెచ్చి సీసాలో పోస్తే మన ఈగకి దూది పట్టదని నా నమ్మకం. ఎవరైనా తెస్తే చూద్దాం.

ఇక కన్ను. దీన్ని శ్రద్ధగా చదవండి. పిథియంలో ఇన్సిడియోసమ్ అనే రకం చెరువునీళ్ళలో, బురదలో ఉండి, మనిషి నల్లగుడ్డుకి పట్టగలదు. కంట్లో నొప్పి, తెల్లమచ్చ, పుండు వస్తాయి. చూడటానికి శిలీంధ్రం పట్టిన పుండులాగే ఉంటుంది. కాని శిలీంధ్రానికి వేసే చుక్కల మందులు ఎక్కువగా ఎర్గోస్టెరాల్ మీద పనిచేస్తాయి. ఇందులో అది లేదు కదా. మందు వేస్తూనే ఉంటారు, పుండు పెరుగుతూనే ఉంటుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఈ జబ్బు మీద 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. జన్యువులు చదివి ఒక విధంగా, ఈత బీజాలు పుట్టించి చూసి ఇంకో విధంగా దీన్ని గుర్తించారు. అంటే తోకతో ఈదే బీజం పుడితే ఇది శిలీంధ్రం కాదు, నీటి బూజే అని తేల్చారు. మనం నువ్వుగింజతో చూసిందీ అదే తోక. ఇప్పుడు ఈ జబ్బుకి డాక్టర్లు బాక్టీరియాకి వాడే లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి మందులు వాడుతున్నారు. పేరు సరిగ్గా తెలియడం వల్ల కన్ను నిలబడుతుంది. వరినాట్లప్పుడో చెరువులోనో కంట్లో దెబ్బ తగిలి ఎర్రబడితే ఆకుపసరు పిండొద్దు, రెండు రోజులు చూద్దామనీ అనొద్దు. వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, బురదనీళ్ళు పడ్డాయని ఆయనకి చెప్పాలి.

బోరు నీళ్ళ సీసాలో పదో రోజుకీ ఏమీ మొలవలేదు. దాంట్లో నిన్న సాయంత్రం చెరువు సీసాలోంచి దూది పట్టిన గింజ ఒకటి తీసి వేశాం. ఉడికించిన కొత్త గింజలు ఐదు దూరంగా జారవిడిచాం. ఈత బీజాలు వాటిని వెతుక్కుని చేరతాయో లేదో గురువారానికి తెలుస్తుంది. ఇప్పుడు సీసాలకి ఎర్రసిరాతో చీటీలు అంటించాను. కదపకుండా చూడండి.